‘మీరెవరి తాలూకు?’ అని మాటనే అడగండి

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లయ్యాక పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో, నాగోలులో ఉంటున్నాం. అత్తగారి వైపు వాళ్లది భువనగిరి. ఎక్కడైనా తప్పు అక్షరం కనిపిస్తే నా కన్ను అక్కడే ఆగిపోతుంది. పోయిన నెల మా మరిది కొత్త ఇంటి కార్డు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. పైన ‘గ్రహప్రవేశ ఆహ్వానం’ అనీ, కింద ‘ఆహుతులందరికీ విందు’ అనీ ఉంది. నేను ఆ రెండు మాటలకూ ఎర్రగా సున్నా చుట్టి మళ్లీ గ్రూపులోనే పెట్టాను. అప్పటికే 300 కార్డులు అచ్చయిపోయాయట. మా తోటికోడలు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటోంది. అంతకుముందు ఒకసారి మా అత్తగారు ‘అందరు మంచిగున్నరా’ అని పెడితే అదీ దిద్దాను. ‘నీకెందుకు ఇవన్నీ’ అంటారు మా ఆయన. అదే వారం మా ఆఫీసులో రిటైరైన పెద్దాయనకు వీడ్కోలు పత్రం రాస్తూ నేనే ‘మీకు సదా కృతఘ్నులం’ అని రాశాను. ఫ్రేము కట్టించి ఆయన చేతికిచ్చాక చూసుకున్నాను. అప్పటి నుంచి నాలుగు లైన్లు రాయాలన్నా టెన్షన్‌గా ఉంది. ఇకమీదట తప్పులు చూసీ చూడనట్టు ఊరుకోవాలా? అసలు ఈ ఒత్తులు గుర్తుపెట్టుకునే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, నాగోలు

సమాధానం: ముందు ఆ ఫ్రేము సంగతి మాట్లాడుకుందాం. ఉత్తరంలో కార్డు గురించే ఎక్కువ రాశారు కానీ, మీ చెయ్యి ఆడకుండా చేస్తున్నది ఆ ఫ్రేమే.

కృతం అంటే చేసింది, చేసిన మేలు. దాని పక్కన ‘జ్ఞ’ చేరితే ఆ మేలు తెలిసినవాడు. జ్ఞానం, విజ్ఞానం, సర్వజ్ఞుడు అన్నీ ఈ ఇంటివే. అదే చోట ‘ఘ్న’ వచ్చి కూర్చుంటే ఆ మేలును చంపుకున్నవాడు. శత్రువులను చంపేవాడు కాబట్టి శత్రుఘ్నుడు. రాముడి తమ్ముడి పేరు మీరెప్పుడూ తప్పు రాసి ఉండరు. మరి ఇక్కడెందుకు తప్పారంటే, జ్ఞానాన్ని కూడా మనం దాదాపు ‘గ్నానం’ అనే పలుకుతాం. నోట్లో రెండూ ఒకటైపోయాయి కాబట్టి రాసేటప్పుడు చెయ్యి ఏదో ఒకవైపు జారుతుంది. మీది అజ్ఞానమూ కాదు, అశ్రద్ధా కాదు. అయినా ఆ పత్రం మాత్రం అలా వదిలేయకండి. ఆ మాట నేరుగా వ్యతిరేకార్థం చెబుతోంది, అదీ ఆయన హాల్లో గోడ మీద. సరిగ్గా రాసిన కాగితం పట్టుకుని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి. ‘ఒక మాట తప్పు పడిందండీ, మార్చి ఇస్తాను’ అని చెప్పి ఫ్రేము తెచ్చుకోండి. లోపలి కాగితం మార్చడం ఫ్రేముల షాపులో పది నిమిషాల పని.

ఇక ఒత్తులు. పెళ్లిపందిట్లో తెలియని మనిషి ఎదురైతే ‘మీరెవరి తాలూకు?’ అని అడుగుతాం. ‘ఫలానా వారి మేనల్లుణ్ని’ అనగానే ఆ మనిషి గుర్తుండిపోతాడు. పేరు మర్చిపోయినా చుట్టరికం మర్చిపోం. ఒత్తుల విషయంలో ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. మాటను ఒంటరిగా బట్టీ పట్టొద్దు. దాని చుట్టాల్లో మీకు బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారో చూసుకోండి.

మీ మరిది కార్డునే తీసుకుందాం. గృహం తాలూకు వాళ్లు గృహిణి, గృహస్థు, బ్యాంకులో గృహరుణం. గ్రహం తాలూకు వాళ్లు నవగ్రహాలు, గ్రహణం. కాబట్టి గ్రహప్రవేశం అంటే ఏ శనో కుజుడో గడప దాటి లోపలికి రావడం. పాలు పొంగించుకుని కొత్త ఇంట్లో అడుగుపెట్టేవాళ్లు కోరుకునేది అది కాదు. ఆహూతులు అంటే పిలిచినవాళ్లు. ఆహ్వానమూ ఆహూతులూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. అక్కడ ‘హూ’కు దీర్ఘం ఉండాలి. దీర్ఘం తీసేస్తే చుట్టరికమే మారిపోతుంది. ఆహుతి హోమం తాలూకు మాట, అంటే అగ్నిలో వేసేది. ‘అగ్నికి ఆహుతి’ అని ప్రమాదం వార్తల్లో చదువుతుంటాం కదా, ఆ ఆహుతి. శుభమా అని పిలుస్తూ ఆ మాట వాడకూడదు. మీ కన్ను ఆగవలసిన చోటే ఆగింది, అందులో నాకే అనుమానమూ లేదు.

నాగోలు నుంచి ఎల్బీనగర్ దాకా ఒకసారి బోర్డులు చూస్తూ వెళ్లండి, శాఖాహార భోజనం ఎన్నిచోట్ల దొరుకుతుందో తెలుస్తుంది. శాఖ అంటే చెట్టు కొమ్మ. బ్యాంకు శాఖ, విద్యుత్ శాఖ ఆ కొమ్మ నుంచి వచ్చినవే. మనం తినేది శాకం, అంటే కూరాకు. మీరు తెనాలి వారు కాబట్టి విజయవాడ ఇంద్రకీలాద్రి మీద ఆషాఢ మాసంలో అమ్మవారిని కూరగాయలతో అలంకరించే శాకంబరీ ఉత్సవాలు చూసే ఉంటారు. ఆ శాకంబరి చుట్టమే శాకాహారం. ఒక్కసారి అమ్మవారిని తలుచుకుంటే ఇంకెప్పుడూ ‘ఖ’ రాయరు.

స్కూళ్ల వార్షికోత్సవాల బ్యానర్ల మీద ‘బహుమతి ప్రధానోత్సవం’ అని చూస్తుంటాం. ఇచ్చేది దానం, అందుకే ప్రదానం. ప్రధానం అంటే ముఖ్యమైనది, ప్రధానమంత్రి తాలూకు. ‘రక్తధాతలకు స్వాగతం’ అన్న బ్యానర్‌దీ ఇదే జబ్బు. దానం చేసేవాడు దాత, సృష్టి చేసే బ్రహ్మ ధాత. పుట్టినరోజు ఫ్లెక్సీల మీద ‘హార్ధిక శుభాకాంక్షలు’ మీరూ చూసే ఉంటారు. హార్దికం హృదయం నుంచి వచ్చింది, హృదయంలో ఉన్నది ఒత్తులేని ‘ద’. దాని పక్కింటి మాటలా కనిపించే ఆర్థికం మాత్రం అర్థం నుంచి వచ్చింది. ఆ అర్థానికి డబ్బు అని అర్థం, అక్కడ ‘థ’.

ఈ ‘అర్థ’ కుటుంబం పెద్దది. అర్థి అంటే కోరేవాడు. విద్య కోరితే విద్యార్థి, శరణు కోరితే శరణార్థి. అభ్యర్థి, అభ్యర్థన, ప్రార్థన అందరూ ఆ ఇంటివాళ్లే, అందరికీ ‘థ’నే. సగం అనే అర్ధం వేరే ఇల్లు. అర్ధరాత్రి, అర్ధాంగి, అర్ధనారీశ్వరుడు ఆ ఇంట్లో ఉంటారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు ఎంతో కష్టపడి రాసుకున్న నోట్సులో ‘అభ్యర్ధి’ కనిపిస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. రేపు పరీక్షలో వాళ్లు తమను తాము పిలుచుకునే మాట అది.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా కనపడే తప్పు, ‘భాద’. బాధ అని రాయాలి. దీని గురించి నేను గమనించింది ఒకటుంది. ఇలా రాసేవాళ్లకు మాటలో ఎక్కడో ఒత్తు ఉందని గుర్తుంటుంది. ఎక్కడుందో గుర్తుండదు. అందుకని ముందక్షరానికి తగిలించేస్తారు. భాద, భాద్యత, భోదన అన్నీ ఇలా పుట్టినవే. ‘బేధం’ దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ ఒత్తు నిజంగానే ముందుంది, భేదం, విభేదం అని. దీన్ని రెండో అక్షరానికి జరిపేస్తారు. నేనైతే ఈ గుంపు కోసం హుస్సేన్‌సాగర్ వైపు చూస్తాను. నీళ్ల మధ్య 1992లో నిలబెట్టిన బుద్ధుడి విగ్రహం ఉంది కదా, మీ అత్తవారి భువనగిరి పక్కనున్న రాయగిరి రాయితోనే దాన్ని చెక్కారు. బుద్ధుడు, బుద్ధి, బోధ, బోధన, బోధివృక్షం అందరూ ఒకే కుటుంబం. ముందు మామూలు ‘బ’, తర్వాత ఒత్తున్న ‘ధ’. బాధ ఈ కుటుంబంలో మనిషి కాకపోయినా నడక మాత్రం ఇదే. ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లినప్పుడల్లా మనసులో ఒకసారి అనుకోండి, చాలు.

ఇన్ని చిక్కులు ఎందుకొచ్చాయంటే, ఈ ఒత్తులు మన ఇంటి సొత్తు కావు. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ అనే పది మహాప్రాణాలు సంస్కృతంతో పాటు వచ్చినవి. చిన్నయసూరి బాలవ్యాకరణం సంస్కృతానికి యాభై వర్ణాలనీ తెలుగుకు ముప్పై ఆరేననీ లెక్క చెబుతుంది. అచ్చతెలుగు మాటల్లో ఈ పదింటితో పని లేదు. వంటింట్లో, బస్సులో మాట్లాడుకునేటప్పుడు మనలో చాలామందిమి వీటిని ఒత్తి పలకం. వినపడని దాన్ని రాయమంటే కష్టమే మరి.

దీనికి తోడు ఫోను. లత అనే అమ్మాయి తన పేరు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ‘టి’ పక్కన ‘హెచ్’ పెడుతుంది. ఒట్టి ‘టి’ని మనం ‘ట’కు అట్టిపెట్టుకున్నాం. అలాగే ‘డి’ అంటే ‘డ’, ‘డి’ పక్కన ‘హెచ్’ ఉంటే ‘ద’. మన అలవాటు అది. అదే అలవాటుతో ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకుంటే ఆ ‘హెచ్’ కాస్తా ఒత్తుగా మారి వస్తుంది. ‘వధిన’, ‘ధగ్గర’, ‘వధ్ధు’ ఇలా వచ్చినవే. రాసినవాళ్లకు తెలుగు రాక కాదు. మీ గ్రూపులో ఇలాంటివి కనిపిస్తే వదిలేయండి. వదినను ఎలా రాసినా ఎవరి గురించో అందరికీ తెలుసు.

చుట్టాలను వెతికే పద్ధతి సంస్కృతం నుంచి వచ్చిన మాటలకే పనికొస్తుంది. ‘ల’, ‘ళ’ల దగ్గర ఇంకో ఉపాయం ఉంది. చాలా మాటల్లో ఒకటి కాస్తా రెండైనప్పుడు ‘ళ’ వస్తుంది. ఇల్లు ఒకటి, ఇళ్లు రెండు. కాలు, కాళ్లు. కన్ను, కళ్లు. ఊరు, ఊళ్లు. రాయి, రాళ్లు. ఒక్క పోర్షన్ ఖాళీగా ఉంటే గేటుకు ‘ఇళ్లు కిరాయికి ఇవ్వబడును’ అని తగిలించనక్కర్లేదు. కల్లు బహువచనం కాదు, అది ఈతచెట్టు నుంచో తాటిచెట్టు నుంచో దిగేది. కాబట్టి ‘కల్లు మండుతున్నాయి’ అని డాక్టరుకు మెసేజ్ పెట్టకూడదు.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. ఒకే సంస్కృత మాట హిందీలో ఒక పని, తెలుగులో ఇంకో పని చేస్తుంటుంది. శిక్ష అంటే అక్కడ చదువు, ఇక్కడ జైలు. నిజానికి పాత అర్థం చదువే. వేదాంగాల్లో ఒకదాని పేరు శిక్ష, మన ‘శిక్షణ’లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఉపన్యాసం అక్కడ నవల, ఇక్కడ ప్రసంగం. అవకాశం అక్కడ సెలవు. ఉద్యోగం అక్కడ పరిశ్రమ. హిందీ నోటీసును తెలుగు చేసే పని మీ ఆఫీసులో మీ మీద పడితే ఇలాంటి మాటల దగ్గర ఒక్క క్షణం ఆగండి. మాట మనదే అనిపిస్తుంది కానీ మనుషులు వేరు.

మీ అత్తగారి ‘మంచిగున్నరా’ను ఈ లెక్కలోకి తీసుకురావద్దు. ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. అది తప్పు కాదు, ఆవిడ మాట. మీరు ‘బాగున్నారా’ అంటారు, ఆవిడ ‘మంచిగున్నరా’ అంటారు. మీ వంటింట్లో వెల్లుల్లి, ఆవిడ వంటింట్లో ఎల్లిగడ్డ. గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, కాళోజీ నారాయణరావు పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఇద్దరూ జనం నోట్లో ఉన్న మాట వైపు నిలబడినవాళ్లే. ఆ వయసులో ఫోను నేర్చుకుని, తెలుగులో టైపు చేసి, అందరినీ బాగున్నారా అని అడిగిన మనిషి మాటను దిద్దడం నాకు నచ్చలేదు. కార్డు గొడవ కన్నా ముందు ఇది సర్దుకోవాలి. ఈసారి ఆవిడ అలా పెట్టినప్పుడు ‘మంచిగున్నం అత్తమ్మా’ అని జవాబివ్వండి. అత్తమ్మ అనే పిలుస్తారో ఇంకెలా పిలుస్తారో, ఆ పిలుపుతోనే.

కొన్ని మాటలు పుట్టుకను బట్టి చూస్తే తప్పే, వాడుకను బట్టి చూస్తే ఒప్పయిపోయాయి. ప్రధానం నుంచి ప్రాధాన్యం వచ్చింది, దానికి మళ్లీ ‘త’ అక్కర్లేదు. నేను ‘ప్రాధాన్యం’, ‘నైపుణ్యం’ అనే రాస్తాను, ఇంకొకరు ‘ప్రాధాన్యత’ అని రాస్తే దిద్దను. నివాళి అంటే పాత నిఘంటువుల్లో హారతి. ఇప్పుడు పోయినవాళ్లకు అర్పించేదయింది. వర్ధంతి మరీ దూరం వచ్చేసింది. అందులో ఉన్నది వృద్ధి, పెరగడం. కన్నడంలో ఈనాటికీ వర్ధంతి అంటే పుట్టినరోజే. మైసూరు చాముండేశ్వరి వర్ధంతి అంటే అమ్మవారి జన్మోత్సవం. మనకు మాత్రం అది పోయినరోజు. ఏ తెలుగింట్లోనూ దాన్నిప్పుడు వెనక్కి తిప్పలేం.

ఈ మాట దగ్గర నాకు ఒక అనుభవం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికలో ప్రూఫులు చూసేవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకాయన వాళ్ల నాన్నగారి ‘ప్రథమ వర్ధంతి’కి ప్రకటన ఇచ్చారు. కంపోజ్ చేసిన కుర్రాడు పాత ప్రకటన ఒకటి తెరిచి ఫొటో, పేర్లు మార్చాడు, పై మాట మార్చలేదు. ‘ప్రథమ జయంతి’ అని వచ్చింది. ప్రూఫు నా చేతుల మీదుగానే వెళ్లింది. నేను పేర్లు చూశాను, తేదీలు చూశాను, ఇంటిపేర్లలో ఒత్తులు కూడా చూశాను. పైన పెద్దక్షరాల్లో ఉన్న మాటను చూడలేదు. మర్నాడు ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టుకుని వచ్చారు. బల్ల మీద పరిచి, ఆ మాట మీద వేలు పెట్టి, ‘మా నాన్నకు ఇది పుట్టినరోజు కాదండీ’ అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ వేలు ఇప్పటికీ నాకు కళ్లముందు ఉంటుంది.

మా చీఫ్ ఆ రోజు అందరూ ఉండగా నన్నేమీ అనలేదు. డ్యూటీ అయ్యాక మెట్ల దగ్గర నిలబెట్టి, ఆ ప్రకటన నా చేతికిచ్చి, పైకి చదవమన్నారు. మొదటి మాట చదవగానే నా గొంతు ఆగిపోయింది. ‘ఇక నుంచి శుభకార్యం, చావుకబురు ఏదొచ్చినా పైకి చదివి పంపు’ అన్నారు. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను. ఒత్తు తప్పులను పైకి చదవడం పట్టివ్వదు, వాటికి నిఘంటువే గతి. ఒక మాట బదులు ఇంకో మాట పడితే మాత్రం నాలుక వెంటనే ఆగుతుంది. నిఘంటువుకు ఇప్పుడు లైబ్రరీకి పరుగెత్తనక్కర్లేదు. ఆంధ్రభారతి సైటులో మాట కొడితే 1885 నాటి శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు అన్నీ ఒకేచోట తీసి చూపిస్తుంది.

మీ తోటికోడలి విషయంలో మీరు పొరపడింది అక్షరాల దగ్గర కాదు. మీరు చెప్పిన చోటు గ్రూపు, చెప్పిన వేళ అచ్చయ్యాక. ఆ 300 కార్డులతో వాళ్లేం చేయగలరు? ఛత్తాబజార్‌లో కార్డులు వేసే చోట ఒకసారి కూర్చుని చూస్తే తెలుస్తుంది. పాత కార్డు ఫైలు తెరిచి పేర్లు, ముహూర్తం మార్చి, ప్రూఫు వాట్సాప్‌లో పంపుతారు. ఇంట్లోవాళ్లు పేర్లు ఉన్నాయా, పెద్దవాళ్ల పేరు ముందుందా అని చూసి ఓకే పెట్టేస్తారు. ఎవరి కార్డులోనో పడ్డ ‘ఆహుతులు’ అలా ఇంటి నుంచి ఇంటికి నడుస్తూ మీ మరిది గడప దాకా వచ్చింది. ఆ అమ్మాయి ఆ మాట రాయలేదు. మీరు గీసిన ఎర్ర సున్నా మాత్రం బంధువులందరి ముందు ఆమె చుట్టూ పడింది.

కాబట్టి ఫోన్ చేయండి, మెసేజ్ వద్దు. ‘ఆ రోజు గ్రూపులో పెట్టకుండా నీకే ఫోన్ చేయాల్సింది, నాదే పొరపాటు’ అనండి. గ్రహానికీ గృహానికీ తేడా మళ్లీ చెప్పకండి. ఇల్లు ఎలా కుదిరింది, పిల్లల గది ఎటు పెట్టారు, బోరు నీళ్లు బాగున్నాయా అని అడగండి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లిరండి. కార్డు మాట ఆమె ఎత్తేదాకా మీరు ఎత్తకండి.